మెదడు తరంగాలతో ఆడే బొమ్మలు – మనం తెలుసుకోవలసిన సంగతులు

(రోగుల వెంట వచ్చే కుటుంబ సభ్యుల కోసం జరిగిన ఆరోగ్య అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మీలో కొందరు దేవరకొండ, మునుగోడు, మిర్యాలగూడ వైపు నుండి, మరికొందరు జడ్చర్ల, కల్వకుర్తి, అచ్చంపేట, మక్తల్ వైపు నుండి తెల్లవారుజామునే బస్సెక్కి వచ్చారు. కొందరి బిడ్డలకు ఫిట్స్ ఉన్నాయి. కొందరి ఇంట్లో పెద్దాయన పక్షవాతంతో మంచం పట్టి ఉన్నారు. ఇంకొందరు "మావాడు ఒక్కచోట కుదురుగా కూర్చోడు, చదువు మీద ధ్యాస నిలవదు" అని తీసుకువచ్చారు. మందుల కోసం ఎదురుచూసే ఈ కొంచెం సేపు ఒక కొత్త విషయం గురించి మాట్లాడుకుందాం.

ఈ మధ్య సెల్‌ఫోన్లలో వచ్చే వీడియోలు చూసి చాలామంది అడుగుతున్నారు. "తలకు ఒక పట్టీ కట్టుకుంటే చేయి కదపకుండానే బంతి గాలిలోకి లేస్తుందట, నిజమేనా?" అని ఒకరు. "అది కొని పెడితే మా పాపకు ఫిట్స్ తగ్గుతాయా?" అని ఇంకొకరు. "మాట పడిపోయిన మా నాయనకు పనికొస్తుందా?" అని మరొకరు. మూడూ మంచి ప్రశ్నలే. మొదటిదానికి జవాబు: నిజమే. రెండోదానికి: తగ్గవు. మూడోదానికి: ముందు ముందు రావచ్చు, కాని ఈ రోజు మీ నాయనకు కావలసింది వేరే ఉంది. ఎందుకో ఒక్కొక్కటిగా చెబుతాను.

మెదడులో కరెంటు ఉంటుందా?

ఉంటుంది. గుండెకు ఈసీజీ తీసినప్పుడు కాగితం మీద గీతలు రావడం మీలో చాలామంది చూసే ఉంటారు. గుండెలాగే మెదడు కూడా పనిచేసేటప్పుడు సన్నని విద్యుత్తును పుట్టిస్తుంది. మన తలలో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. అవి ఒకదానికొకటి కబురు పంపుకోవడంలో ఈ విద్యుత్తు పనిచేస్తుంది. ఎన్నో కణాలు ఒకేసారి కలిసి పనిచేసినప్పుడు ఆ విద్యుత్తు అలలు అలలుగా పుర్రె దాటి తల చర్మం వరకు వస్తుంది. వాటినే మెదడు తరంగాలు అంటారు.

అవి చాలా చిన్నవి. మనం టార్చిలైటులో వేసే సెల్లు ఒకటిన్నర వోల్టులది. తల చర్మం మీద దొరికే తరంగం దానిలో సుమారు 30 వేల వంతుల్లో ఒక వంతు మాత్రమే. అందుకే దాన్ని పట్టుకోవడానికి మంచి యంత్రం, నేర్పున్న మనిషి కావాలి.

ఇంగ్లండులో రిచర్డ్ కేటన్ అనే వైద్యుడు 1875లో కుందేళ్ళ, కోతుల మెదడులో ఇటువంటి విద్యుత్తు ఉందని చెప్పారు. మనిషి తల మీద దాన్ని మొదటిసారి నమోదు చేసింది జర్మనీలోని యేనా పట్టణంలో పనిచేసిన హాన్స్ బెర్గర్ అనే మానసిక వైద్యుడు. అది 1924లో జరిగింది. ఐదేళ్ళు మళ్ళీ మళ్ళీ పరీక్షించి చూసుకుని 1929లో లోకానికి తెలియజేశారు. మనిషి కళ్ళు మూసుకుని ప్రశాంతంగా ఉన్నప్పుడు సెకనుకు సుమారు పది అలలు వస్తాయని ఆయన గమనించారు. వీటికి ఆల్ఫా తరంగాలు అని పేరు. కళ్ళు తెరిచి ఏదైనా లెక్క చేయడం మొదలుపెడితే అవి తగ్గి, చిన్నగా, వేగంగా ఉండే బీటా తరంగాలు కనిపిస్తాయి. గాఢనిద్రలో పెద్దగా, నెమ్మదిగా ఉండే డెల్టా తరంగాలు వస్తాయి.

ఇక్కడ ఒక సంగతి బాగా గుర్తుంచుకోండి. ఊరి బయట సంత జరుగుతుంటే దూరంగా గోడ అవతల నిలబడి వినండి. సంత జోరుగా ఉందా, సద్దుమణిగిందా అన్నది చప్పుడును బట్టి తెలుస్తుంది. కాని ఏ దుకాణం దగ్గర ఎవరు ఎంత బేరమాడారో తెలియదు. తల మీద పెట్టే పట్టీ కూడా అంతే. మెదడు మెలకువగా ఉందా, నిద్రలో ఉందా, పనిలో ఉందా అన్నది కొంతవరకు చెబుతుంది. మీ మనసులో ఏముందో అది చదవలేదు.

ఈఈజీ పరీక్షకు భయపడవద్దు

మెదడు తరంగాలను ఆసుపత్రిలో నమోదు చేసే పరీక్షనే ఈఈజీ అంటాం. "తలకు కరెంటు పెడతారట" అని భయపడి పరీక్ష చేయించకుండానే ఇంటికి వెళ్ళిపోయేవారు ఉన్నారు. ఈ పరీక్షలో యంత్రం నుండి తలలోకి కరెంటు రాదు. తలలో పుట్టే విద్యుత్తును యంత్రం నమోదు చేస్తుంది, అంతే. ఇరవై వరకు చిన్న చిన్న లోహపు బిళ్ళలను జిగురులాంటి పేస్టుతో తల మీద అతికిస్తారు. నొప్పి ఉండదు. సుమారు అరగంట పడుతుంది. మధ్యలో గట్టిగా ఊపిరి తీసి వదలమంటారు, మిణుకు మిణుకుమనే దీపం చూపిస్తారు. అన్నీ పరీక్షలో భాగమే.

పరీక్షకు వచ్చే ముందు ఈ జాగ్రత్తలు తీసుకోండి:

1. ముందురోజు తలస్నానం చేయించండి. తలకు నూనె రాయవద్దు. నూనె ఉంటే బిళ్ళలు సరిగా అంటుకోవు.
2. రోజూ వేసుకునే మాత్రలను డాక్టరు చెబితే తప్ప ఆపవద్దు.
3. అన్నం తిని రండి. ఉపవాసం అక్కరలేదు.
4. పిల్లలను రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టమని చెప్పి ఉంటే తప్పక పాటించండి. నిద్రపోతున్నప్పుడు తీసే గీతల్లో కొన్ని తేడాలు బాగా బయటపడతాయి.
5. ఇంట్లో ఫిట్ వచ్చినప్పుడు ఒకరు బిడ్డను చూసుకుంటుంటే ఇంకొకరు సెల్‌ఫోన్‌లో వీడియో తీయండి. అది డాక్టరుకు ఎంతో ఉపయోగపడుతుంది.

రిపోర్టు నార్మల్ అని వచ్చినంత మాత్రాన ఫిట్స్ జబ్బు లేదని అర్థం కాదు. పరీక్ష జరిగిన ఆ అరగంటలో తేడా కనిపించలేదని మాత్రమే అర్థం. రిపోర్టు చూసుకుని మీ అంతట మీరే మందులు మానివేయకండి.

ఇంతకూ ఆ బొమ్మలు ఎలా పనిచేస్తాయి?

2009లో అమెరికాలో ఇటువంటి బొమ్మలు రెండు బజారులోకి వచ్చాయి. మాట్టెల్ కంపెనీ మైండ్‌ఫ్లెక్స్ అనే ఆటను, అంకుల్ మిల్టన్ అనే కంపెనీ ఫోర్స్ ట్రైనర్ అనే ఆటను అమ్మాయి. రెండింటిలోనూ మెదడు తరంగాలను పట్టే చిప్పు న్యూరోస్కై అనే కంపెనీది. ఆసుపత్రిలో ఇరవై బిళ్ళలు పెడితే, ఈ బొమ్మల్లో నుదుటి మీద ఒక్క బిళ్ళ, చెవులకు తగిలే భాగాలు మాత్రమే ఉండేవి.

మైండ్‌ఫ్లెక్స్‌లో ఒక చిన్న ఫ్యాను, దాని మీద తేలికైన స్పాంజి బంతి ఉంటాయి. ఆడేవాడు మనసు లగ్నం చేస్తే పట్టీ ఆ తేడాను పట్టుకుని ఫ్యాను వేగం పెంచుతుంది, బంతి పైకి లేస్తుంది. మనసు సడలిస్తే ఫ్యాను తగ్గి బంతి కిందికి దిగుతుంది. అంటే బంతిని లేపేది గాలి. మనసు చేసేది ఫ్యాను రెగ్యులేటరును తిప్పడం వంటి పని. ఇందులో మంత్రం లేదు, మహిమ లేదు.

ఇంకొక ఇబ్బంది కూడా ఉంది. నుదుటి కింద కండరాలు ఉన్నాయి, పక్కనే కళ్ళు ఉన్నాయి. కనురెప్ప కొట్టినా, నొసలు ముడిచినా, పళ్ళు బిగించినా మెదడు తరంగం కంటే పెద్ద విద్యుత్తు పుడుతుంది. ఈఈజీ గదిలో "కదలవద్దు, పళ్ళు బిగించవద్దు" అని మా టెక్నీషియన్ పదే పదే చెప్పేది అందుకే. ఆటబొమ్మకు అలా చెప్పేవారు ఉండరు. కాబట్టి బంతి లేచిందంటే మెదడు వల్ల లేచిందో, నొసలు ముడవడం వల్ల లేచిందో కచ్చితంగా చెప్పలేం. ఆటగా ఆడుకుంటే తప్పు లేదు. పరీక్ష అనో, వైద్యం అనో అనుకుంటేనే తప్పు.

హైదరాబాదులో చదివిన శాస్త్రవేత్త ఆడిన ఆట

ఈ రంగంలో పేరు పొందినవారిలో రాజేశ్ రావు గారు ఒకరు. హైదరాబాదు కంచన్‌బాగ్‌లోని కేంద్రీయ విద్యాలయంలో చదువుకుని, అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు అయ్యారు. 2013 ఆగస్టు 12న ఆయన, ఆండ్రియా స్టాకో అనే సహచరుడు కలిసి ఒక ప్రయోగం చేశారు.

రావు గారు తలకు ఈఈజీ టోపీ పెట్టుకుని కంప్యూటరులో ఒక సాదా ఆట ఆడారు. ఫిరంగి పేల్చవలసిన సమయం వచ్చినప్పుడు ఆయన చేయి కదపలేదు, కుడిచేతిని కదుపుతున్నట్లు ఊహించుకున్నారు. యంత్రం ఆ తరంగాన్ని పట్టి ఇంటర్నెట్ ద్వారా అదే విశ్వవిద్యాలయంలోని వేరే భవనానికి పంపింది. అక్కడ స్టాకో గారి తలకు ఆనించి అయస్కాంత ప్రేరణ ఇచ్చే తీగచుట్ట ఉంది. కబురు అందగానే అది ఆయన మెదడులో చేతిని కదిపే భాగాన్ని తట్టింది. ఆయన కుడిచేతి వేలు దానంతట అదే కదిలి మీట నొక్కింది, ఫిరంగి పేలింది. ఆయనకు ఆట కనబడలేదు, చెవులకు చప్పుడు వినబడలేదు.

తరువాత 2015లో ఈ బృందమే ఇద్దరు మనుషుల మధ్య ప్రశ్నల ఆట ఆడించింది. ఒకరు మనసులో అనుకున్న వస్తువును ఇంకొకరు అవును, కాదు అనే జవాబులతో కనుక్కోవాలి. జవాబు మెదడు తరంగాల ద్వారా వెళ్ళినప్పుడు 72 శాతం ఆటల్లో సరిగ్గా చెప్పగలిగారు. 2019లో ముగ్గురేసి మనుషులు కలిసి కంప్యూటరులో ఇటుకలు పేర్చే ఆట ఆడారు. అక్కడ సుమారు 81 శాతం సరిగ్గా వచ్చింది.

ఈ ప్రయోగాలను మీకు చెప్పడానికి కారణం ఉంది. ఇంత పెద్ద విశ్వవిద్యాలయంలో, ఇన్ని యంత్రాలు పెట్టి, ఎంతో నేర్పున్నవారు చేస్తేనే ఒక తల నుండి ఇంకొక తలకు వెళ్ళింది "అవును, కాదు" అనే ఒక్క ముక్క. అదీ ఇద్దరికీ ముందే తెలిసి, ఇద్దరూ ఒప్పుకుని కూర్చున్నప్పుడు. దూరాన ఉన్నవారు ఇంకొకరి ఆలోచనలు చదవడం, ఇష్టం లేకుండా వారిని నడిపించడం వంటివి ఈ ప్రయోగాల్లో లేవని ఆ శాస్త్రవేత్తలే చెప్పారు.

ఇది మన ఇళ్ళకు సంబంధించిన మాట. "నా తలలో ఎవరో యంత్రం పెట్టారు, నా ఆలోచనలు అందరికీ తెలిసిపోతున్నాయి" అని మీ ఇంట్లో ఎవరైనా అంటూ, నిద్రపోకుండా, తమలో తాము మాట్లాడుకుంటూ ఉంటే అది మానసిక జబ్బు లక్షణం కావచ్చు. వారితో వాదించవద్దు, వెక్కిరించవద్దు, చేతబడి అని అప్పులు చేసి తిరగవద్దు. మానసిక వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి. దీనికి మంచి మందులు ఉన్నాయి.

మాట పడిపోయినవారికి ఆశ ఉందా?

ఉంది. ఈ శాస్త్రం వల్ల నిజంగా మేలు జరగవలసింది వీరికే. 1999లో జర్మనీలోని నీల్స్ బిర్బౌమర్ అనే శాస్త్రవేత్త బృందం, ఒళ్ళంతా చచ్చుబడిన ఇద్దరు రోగులకు మెదడు తరంగాలతో కంప్యూటరు మీద ఒక్కొక్క అక్షరం ఎంచుకుని రాయడం నేర్పింది. ఎన్నో వారాల సాధన పట్టింది. 2004లో అమెరికాలో మెడ కింద శరీరం చచ్చుబడిన మాథ్యూ నేగల్ అనే యువకుని మెదడులోనే ఆపరేషన్ చేసి చిన్న పరికరం అమర్చారు. దానితో ఆయన తలపుతోనే టీవీ ఆన్ చేశాడు, పాంగ్ అనే వీడియో ఆట ఆడాడు. 2024 జనవరిలో న్యూరాలింక్ కంపెనీ పరికరాన్ని మొదటగా అమర్చుకున్న నోలాండ్ ఆర్బా అనే వ్యక్తి కంప్యూటరులో చదరంగం ఆడి చూపించాడు.

పక్షవాతంతో చేయి పడిపోయినవారి కోసం ఐప్సీహ్యాండ్ అనే పరికరానికి 2021లో అమెరికా ప్రభుత్వ సంస్థ అనుమతి ఇచ్చింది. రోగి చేయి కదపాలని అనుకోగానే తలకు ఉన్న పట్టీ దాన్ని గుర్తించి, చేతికి కట్టిన పరికరంతో వేళ్ళను తెరిపిస్తుంది. అది కూడా వ్యాయామంలో భాగమే. ఒక్కసారి పెట్టుకోగానే చేయి లేచి రాదు, వారాల తరబడి సాధన చేయాలి.

ఇవన్నీ విని "మా నాయనకు అవి ఎప్పుడు దొరుకుతాయి?" అని మీరు అడుగుతారు. అంతవరకు ఎదురుచూస్తూ కూర్చోనక్కరలేదు. మాట పోయినా మనిషికి తెలివి ఉండవచ్చు. ముందు అది గుర్తించండి. ఆయన వింటున్నాడో లేదో అనుకుని ఆయన ముందే "ఇంకెన్ని రోజులో" అని మాట్లాడుకోవద్దు. దగ్గరకు వెళ్ళి, కళ్ళలోకి చూసి ఇలా చెప్పండి: "నాయనా, అవును అయితే ఒకసారి రెప్ప కొట్టు, కాదు అయితే రెండుసార్లు కొట్టు." ఒక అట్టముక్క మీద నీళ్ళు, అన్నం, నొప్పి, పక్క మార్చు, ఫ్యాను, చలి, మూత్రం, మనుమడిని పిలువు అని పెద్ద అక్షరాలతో రాయండి. చదువు రానివారైతే బొమ్మలు వేయండి. ఒక్కొక్కదాని మీద వేలు పెట్టి అడగండి. రావు గారి యంత్రం ఇంటర్నెట్‌లో పంపిన అవును, కాదు అనే ముక్కనే మీరు పైసా ఖర్చు లేకుండా అందుకుంటారు. ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామాలు రోజూ తప్పకుండా చేయించండి. మంచం పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి పక్క మార్చండి.

ఇంట్లో ఎవరికైనా ఉన్నట్లుండి మూతి వంకరపోయినా, ఒక చేయి పడిపోయినా, మాట తడబడినా పసరు మందు కోసం తిరగకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. మొదటి నాలుగున్నర గంటల లోపు పెద్ద ఆసుపత్రికి చేరితే కొందరికి గడ్డను కరిగించే మందు ఇవ్వవచ్చు.

ఫిట్స్ ఉన్న పిల్లల తల్లిదండ్రులకు

ఇప్పుడు రెండో ప్రశ్నకు వస్తాను. బొమ్మ పట్టీ వల్ల ఫిట్స్ తగ్గవు. ఫిట్స్‌ను గుర్తించడానికి కూడా అది పనికిరాదు. ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి మూర్ఛవ్యాధి ఉంది. సరైన వైద్యం అందితే వారిలో 70 శాతం వరకు ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ వైద్యం ముఖ్యంగా రోజూ వేళకు వేసుకునే మాత్ర. మాత్ర ఆపి పట్టీ పెట్టినా, తాయెత్తు కట్టినా ప్రమాదం ఒక్కటే. మందు ఉన్నట్లుండి ఆపితే ఫిట్స్ ఒకదాని వెంట ఒకటి వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. మామూలుగా కనీసం రెండేళ్ళు ఫిట్స్ రాకుండా ఉన్న తరువాతే, అదీ డాక్టరే, మందును మెల్లమెల్లగా తగ్గిస్తారు.

మన ప్రాంతంలో ఇంకొక కష్టం ఉంది. పాలమూరు నుండి, దేవరకొండ తండాల నుండి బతుకుదెరువు కోసం ముంబై, పుణె, హైదరాబాదు వలస వెళ్ళేవారు ఎందరో. బిడ్డను వెంట తీసుకువెళ్ళినా, అవ్వ దగ్గర వదిలి వెళ్ళినా మధ్యలో మాత్రలు ఆగిపోతాయి. కాబట్టి బయలుదేరే ముందే మా దగ్గరకు వచ్చి చెప్పండి. సరిపడా మందులు రాయించుకోండి. చీటీని సెల్‌ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. అవ్వకు మాత్ర వేళ, మాత్ర రంగు చూపించి రెండుసార్లు చెప్పించుకోండి.

ఫిట్ వచ్చినప్పుడు చేతిలో తాళంచెవి పెట్టడం, ఉల్లిగడ్డ, చెప్పు వాసన చూపించడం వల్ల ప్రయోజనం లేదు. బిడ్డను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తల కింద మెత్తని బట్ట పెట్టండి. మెడ దగ్గర గుండీలు విప్పండి. నోట్లో ఏమీ పెట్టవద్దు, నీళ్ళు పోయవద్దు, కాళ్ళూ చేతులూ బలవంతంగా అదిమి పట్టవద్దు. గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే రెండోసారి వచ్చినా 108కి ఫోన్ చేయండి.

ఆటల విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. ఫిట్స్ ఉన్నవారిలో కొద్దిమందికి, సుమారు నూటికి ముగ్గురికి, మిణుకు మిణుకుమనే వెలుగు పడదు. 1997 డిసెంబరు 16న జపాన్‌లో టీవీలో పోకెమాన్ అనే పిల్లల కార్టూన్ వస్తుండగా ఎరుపు, నీలం వెలుగులు వేగంగా మారడంతో సుమారు 700 మంది పిల్లలను ఆసుపత్రులకు తరలించవలసి వచ్చింది. ఈఈజీలో దీపం చూపించేది ఇటువంటి తేడాను కనిపెట్టడానికే. మీ బిడ్డకు వెలుగు పడదని డాక్టరు చెప్పి ఉంటే మెరుపులు మెరిసే వీడియో ఆటలు ఆడనివ్వవద్దు. మిగిలిన పిల్లలైనా చీకటి గదిలో, అర్ధరాత్రి వరకు సెల్‌ఫోన్ చూడకూడదు. నిద్ర చాలకపోవడం కూడా ఫిట్స్‌ను రేపుతుంది.

ధ్యాస పెంచే పట్టీలు, క్లాసులు

"మెదడు తరంగాలను మార్చి పిల్లల ధ్యాస పెంచుతాం" అని అమ్మేవారు కూడా ఉన్నారు. దీని మీద అమెరికాలో జరిగిన ఒక మంచి పరిశోధన ఫలితాలు 2021లో వచ్చాయి. ధ్యాస నిలవని ఏడు నుండి పదేళ్ళ పిల్లలు సుమారు 140 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టు ఆడిన ఆట వారి మెదడు తరంగాలను బట్టి నడిచింది. రెండో జట్టు ఆటకు వారి తరంగాలతో సంబంధమే లేదు. ఎవరు ఏ జట్టో పిల్లలకు గాని, తల్లిదండ్రులకు గాని తెలియదు. చివరికి రెండు జట్ల పిల్లలూ దాదాపు సమానంగా బాగుపడ్డారు. అంటే మేలు చేసింది మెదడు తరంగాల యంత్రం కాదన్నమాట. క్రమంగా ఒకచోట కూర్చోవడం, పక్కన ఒక పెద్దవారు ఉండి మెచ్చుకోవడం, నిద్ర, తిండి విషయంలో ఇచ్చిన సలహాలు తోడ్పడి ఉండవచ్చు.

కొన్నేళ్ళ క్రితం మన దేశంలో మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ అనే పేరుతో క్లాసులు నడిచాయి. కళ్ళకు గంతలు కట్టినా పిల్లలు చదువుతారని చెప్పి వేలకు వేలు ఫీజు తీసుకున్నారు. మంగళూరుకు చెందిన హేతువాది నరేంద్ర నాయక్ వంటివారు వెళ్ళి పరీక్షిస్తే, పిల్లలు ముక్కు పక్క సందులోంచి చూస్తున్నారని తేలింది. చేతిలో డబ్బు పోవడం ఒక నష్టమైతే, అబద్ధం ఆడమని పిల్లలకు మనమే నేర్పడం ఇంకా పెద్ద నష్టం.

ధ్యాస నిలిపే ఆటలు మన ఊళ్ళో లేవా? అష్టాచెమ్మ, పచ్చీసు, పులి-మేక, ఓమనగుంటలు, కచ్చకాయలు ఉన్నాయి. చింతగింజలు లెక్కపెట్టుకుంటూ, తన వంతు వచ్చేవరకు ఆగుతూ, ఎదుటివారి ఎత్తును గమనిస్తూ ఆడే బిడ్డకు అదే సాధన. రోజూ అరగంట, సెల్‌ఫోన్ పక్కన పెట్టి మీరు కూడా కూర్చుని ఆడండి. ఇది జబ్బుకు మందు అని నేను చెప్పడం లేదు. బిడ్డ మరీ కుదురు లేకుండా ఉన్నా, మాటలు ఆలస్యమైనా, బడిలో వెనుకబడినా డాక్టరుకు చూపించండి. చూపు, వినికిడి, రక్తహీనత కూడా పరీక్ష చేయించండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి, మీ ఊరి బడి పంతులు గారిని అడిగితే వివరాలు చెబుతారు.

కొనే ముందు ఈ ప్రశ్నలు అడగండి

ఎవరైనా మెదడు తరంగాల పట్టీనో, క్లాసునో అమ్మడానికి వస్తే డబ్బు తీసే ముందు ఇలా అడగండి:

1. ఇది ఆటబొమ్మా, వైద్య పరికరమా? వైద్య పరికరమైతే ఏ జబ్బుకు, ఎవరి అనుమతి ఉంది?
2. దీన్ని వాడితే ఇప్పుడు వేసుకునే మాత్రలు ఆపాలా? "ఆపాలి" అంటే అక్కడితో మాట ఆపివేయండి.
3. మా బిడ్డను చూసే డాక్టరుతో మాట్లాడతారా? మాట్లాడము అంటే అనుమానించండి.
4. గుణం కనిపించకపోతే డబ్బు తిరిగి ఇస్తామని కాగితం మీద రాసి ఇస్తారా?
5. ఈ డబ్బుతో మా బిడ్డకు ఎన్ని నెలల మందులు వస్తాయి? ఈ ప్రశ్న మాత్రం మీకు మీరే వేసుకోవాలి.

బొమ్మ కొనుక్కునే స్తోమత ఉండి, బిడ్డ సరదా పడితే, ఆట కోసం కొనివ్వండి. బంతి లేచినప్పుడు వాడితో కలిసి చప్పట్లు కొట్టండి. బంతి లేవకపోతే "నీకు బుర్ర లేదు" అనవద్దు, నుదుటి మీద ఉన్న ఒక్క బిళ్ళ వాడి తెలివిని కొలవలేదు.

మెదడు తరంగాల శాస్త్రం గొప్పది. మన పిల్లల్లో ఎవరో ఒకరు రేపు రాజేశ్ రావు గారిలా చదువుకుని, మాట పడిపోయినవారికి మాట తెచ్చే యంత్రం చేయవచ్చు. అంతవరకు మన చేతిలో ఉన్న పనులు మనం చేద్దాం. మాత్ర వేళకు వేద్దాం. చెప్పిన తేదీకి పరీక్షకు వద్దాం. మంచంలో ఉన్న పెద్దవారి రెప్పల కదలికను ఓపికగా చూద్దాం. ఫిట్స్ ఉన్న బిడ్డను దాచిపెట్టకుండా బడికి పంపుదాం.

మీకు ఇంకా ఏమైనా సందేహాలు ఉంటే మొహమాటం లేకుండా అడగండి. చిన్న ప్రశ్న అని ఏదీ ఉండదు. ఇంటికి వెళ్ళాక ఈ పుస్తకాన్ని పక్కింటివారికి కూడా చదివి వినిపించండి.  మీ ఇంట్లో జబ్బుతో ఉన్నవారు త్వరగా కోలుకోవాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.